డ్రిల్ ఎవరి చేతికిచ్చారు? అవార్డుకు అదే లెక్క కావాలి

పదివేల మోకీలు మార్పిడులు చేసినందుకు ఒకరికి సన్మానం, ఊళ్లోకి మొదట రోబో తెచ్చినందుకు ఇంకొకరికి శాలువా. మన ఎముకల డాక్టర్లకు దక్కే గౌరవాలు చాలావరకు ఈ రెండు కొలతల చుట్టూనే తిరుగుతాయి. ఆ పదివేలల్లో ఎన్నిసార్లు ఎముకకు రంధ్రం వేసే డ్రిల్ పీజీ చేతికి, అంటే శిక్షణలో ఉన్న డాక్టరు చేతికి, వెళ్లింది? ఆ పీజీల్లో అమ్మాయిలెందరు? ఇంట్లో తొలి డాక్టరుగా వచ్చినవాళ్లెందరు? ఈ ప్రశ్న అడిగే సన్మాన కమిటీ కనబడదు. అడగాలి. సర్జన్ గొప్పతనానికి అసలు కొలత అదే.

అమెరికాలో ఈ లెక్క కొంచెం ముందే మొదలైంది. అక్కడి ఆర్థోపెడిక్ సర్జన్ల అకాడమీ 1933లో పుట్టింది. 1937లో రూత్ జాక్సన్ తొలి మహిళా సభ్యురాలయ్యారు. క్రిస్టీ వెబర్ రూపంలో మహిళా అధ్యక్షురాలు రావడానికి మాత్రం 2019 దాకా పట్టింది. మెడికల్ సీట్లలో సగానికి పైగా అమ్మాయిలున్న ఆ దేశంలో ప్రాక్టీసు చేస్తున్న ఆర్థో సర్జన్లలో మహిళలు పదిశాతానికి కూడా చేరలేదు. ఈ రంగాన్ని అందరికీ అందేలా చేసినవాళ్ల కోసం అకాడమీ డైవర్సిటీ అవార్డు పెట్టిందంటే వెనకాల ఉన్నది ఈ చరిత్రే.

అక్కడివాళ్లలో బానీ సింప్సన్ మేసన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కీళ్లవాతం వచ్చి ఆపరేషన్లు మానుకోవాల్సి వచ్చిన ఆర్థో సర్జన్ ఆమె. 2004లో ఎన్త్ డైమెన్షన్స్ అనే సంస్థ పెట్టి, మెడిసిన్ మొదటి ఏడాది పూర్తయిన విద్యార్థులను వేసవిలో ఎనిమిది వారాలు ఆర్థో సర్జన్ల దగ్గర పనిలో పెట్టించారు. మన ఫ్లెక్సీ లెక్కన ఆమె స్కోరు ఏనాడో ఆగిపోయింది. ఆమె వల్ల సర్జన్లైనవాళ్లు చేసే ఆపరేషన్లు ఏ ఖాతాలో రాస్తారు? 2009లో మొదలైన పెర్రీ ఇనీషియేటివ్‌ది ఇంకో దారి. హైస్కూలు అమ్మాయిలకు ఒక్కరోజు ప్లాస్టిక్ ఎముక, డ్రిల్, ప్లేటు ఇచ్చి విరిగినదాన్ని అతికించమంటారు. ఉపన్యాసం కంటే ఆ గంటసేపు చేతిలో తిరిగిన డ్రిల్లే ఎక్కువ పని చేస్తుంది.

మన దగ్గర ఎవరు ఆపారు, నీట్ పీజీ ర్యాంకు తెచ్చుకుంటే ఎవరైనా ఎంఎస్ ఆర్థోలో చేరొచ్చు కదా అంటారు. నిజమే, కౌన్సెలింగ్‌లో ఆడా మగా చూడరు. ఆర్థో బలం కావాల్సిన పని, ఎవరి ఇష్టం వాళ్లది, అవార్డుల్లోకి ఇవన్నీ లాగితే ప్రతిభ మసకబారుతుందని కూడా వాదిస్తారు. ఈ వాదనలో బలం గురించిన మాటకు మాత్రమే జవాబు చెప్పాలి. ఎందుకంటే ఇంటర్న్‌షిప్‌లో అమ్మాయిలను వెనక్కి తిప్పేది అదే మాట.

తుంటి కీలు వెనక్కి జారిన కేసు తీసుకుందాం. ఆరు గంటల లోపు దాన్ని తిరిగి గుంటలో కూర్చోబెట్టాలి. ఆలస్యమైతే తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చిపోయే ముప్పు పెరుగుతుంది. ఇక్కడ కావాల్సింది కండబలం కాదు, కండరాలు పూర్తిగా సడలేంత మత్తు. బల్ల కిందికి దించి, సాయానికొచ్చినవాళ్లు కటిని అదిమి పట్టాక, సర్జన్ ఒక పాదం బల్లమీద పెట్టి రోగి వంచిన మోకాలి కింద తన మోకాలు చేర్చాలి. మడమ పైకెత్తితే కీలు దానంతటదే లోపలికి జారుతుంది. పని చేసేది సర్జన్ పిక్క. మత్తు సరిపోకుండా భుజబలంతో లాగితేనే తొడ ఎముక మెడ విరిగే ప్రమాదం.

డ్రిల్లింగ్ కూడా అంతే. 3.5 మిల్లీమీటర్ల స్క్రూకి 2.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో ఎముకకు రంధ్రం వేస్తాం. బిట్ పదునుగా ఉంటే చేయి ఆనిస్తే చాలు. మొద్దుబారితే గట్టిగా నొక్కాలి. నొక్కితే ఎముక అవతలి గోడ దాటగానే బిట్ ఒక్కసారిగా దూసుకెళ్లి నరానికో రక్తనాళానికో తగులుతుంది. రాపిడికి వేడెక్కి, 47 డిగ్రీల దగ్గర ఒక నిమిషం ఉంటే చాలు, రంధ్రం చుట్టూ ఎముక చచ్చి స్క్రూ వదులవుతుంది. మార్చని బిట్ చేసిన తప్పు అమ్మాయి మణికట్టు మీదకు వస్తుంది. కొత్త బిట్లు కావాలని స్టోర్స్‌కు ఇండెంట్ రాయనివాడిని ఎవరూ ఏమీ అనరు.

గ్లవ్స్ కూడా చూడండి. ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో ఏడు, ఏడున్నర సైజులే ఉంటే ఆరు సైజు చేతికి వేలికొసల్లో రబ్బరు ముడతపడి, వైరు మెలితిప్పేటప్పుడు ప్లయర్‌లో ఇరుక్కుంటుంది. ఎక్స్‌రే నుంచి కాపాడే లెడ్ (సీసం) ఏప్రన్ పెద్దది వేసుకుంటే చంక దగ్గర తెరిచి ఉంటుంది. అక్కడ రొమ్ము కణజాలం బయటపడి ఉంటుంది. అమెరికాలో మహిళా ఆర్థో సర్జన్లకు రొమ్ము క్యాన్సర్ మామూలు మహిళలకంటే ఎక్కువగా కనబడిందని సర్వేలు చెప్పాయి. కారణం రేడియేషనేనని తేలలేదు, కానీ చంక కప్పే ఏప్రన్ కొనడానికి అది తేలేదాకా ఆగనక్కర్లేదు. ఆపరేషన్లో తుంటికి పక్కనుంచి ఎక్స్‌రే తీసేటప్పుడు కిరణాలు వదిలే ట్యూబు వైపు కాకుండా, వాటిని అందుకునే ఇంటెన్సిఫయర్ వైపు నిలబడాలి, రెండింతలు దూరం జరిగితే రేడియేషన్ డోసు నాలుగోవంతు అవుతుంది. గర్భిణి అని తెలియజేశాక కడుపులో బిడ్డకు రేడియేషన్ 1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) నియమం. దానికి తగ్గట్టు డ్యూటీ చార్టు మార్చే చీఫ్ ఉంటే అమ్మాయి ఆర్థోలో నిలుస్తుంది, లేకపోతే ఇంకో బ్రాంచి చూసుకుంటుంది. గౌరవించాల్సింది ఆ చీఫ్‌నే.

అమెరికాలో చిక్కు రంగంలోకి అడుగుపెట్టే గుమ్మం దగ్గరైతే, ఇక్కడ అది ఆపరేషన్ బల్ల దగ్గర కూడా ఉంది. కోతను తెరిచి ఉంచే రిట్రాక్టరు పట్టుకుని మూడేళ్లు గడిపిన పీజీ కూడా డిగ్రీ పట్టుకెళ్తాడు. దీన్ని బయటపెట్టే కాగితం ఇప్పటికే మన దగ్గరుంది, పీజీ తన కేసులు రాసుకునే లాగ్‌బుక్. చూశాడు, సాయపడ్డాడు, పర్యవేక్షణలో చేశాడు, సొంతంగా చేశాడు అని నాలుగు మెట్లు. పరీక్షల ముందు వారం కూర్చుని నింపితే అది కథల పుస్తకమే. ఓటీ రిజిస్టరుతో, ఆపరేషన్ నోట్సుతో సరిపోల్చితే నిజం గంటలో తేలుతుంది. అవార్డు కమిటీ ఆ మూడూ తెప్పించుకోవాలి. నామినేషన్ పాత పీజీల నుంచి రావాలి. ఐదేళ్ల తర్వాత వాళ్లు ఇంకా ఆపరేషన్లు చేస్తున్నారో లేదో చూడాలి.

ఇది ఆర్థోతో ఆగే జబ్బు కాదు. మన వైద్య విద్య మొత్తం చెప్పేవాడిని కాకుండా రాసేవాడిని పెంచుతోంది. ప్రమోషన్‌కు పరిశోధన పేపర్లు లెక్కపెడతారు, పీజీ చేతికి ఎన్ని కేసులిచ్చావని అడగరు. అందుకే ఎవరూ చదవని పేపర్లు పుట్టుకొస్తాయి, కేసులు చీఫ్ దగ్గరే ఉండిపోతాయి. నిజామ్స్ ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా పుట్టి నిమ్స్‌గా ఎదిగిన ఆస్పత్రి ఉన్న నగరంలో, నేర్పడం కూడా పదోన్నతికి అర్హతే అనడానికి మొహమాటం ఎందుకు? పీజీలు మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో పనిచేయాలన్న నిబంధన ఎలాగూ ఉంది. పిల్లల ముంజేతి విరుగుళ్లు, ముసలివాళ్ల మణికట్టు విరుగుళ్లు అక్కడికి రోజూ వస్తాయి. అక్కడ వాళ్లను పక్కన నిలబెట్టుకుని చేయించే డాక్టరు పేరు మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

వచ్చే సన్మాన సభకు ఆయన్ని పిలవండి. సభకయ్యే శాలువాల ఖర్చులో కొంత మిగిల్చి, ఆరు సైజు గ్లవ్స్, చంక కప్పే రెండు చిన్న ఏప్రన్లు, ఒక పెట్టె కొత్త 2.5 బిట్లు ఆయన ఓటీకి పంపండి.