ఎడమకాలి పదవీకాలం

తెలుగువాళ్ళలో కుడికాలికి ఉన్న మర్యాద ఎడమకాలికి ఏనాడైనా దక్కిందా? కొత్త కోడలు కుడికాలు ముందు పెట్టి లోపలికి రావాలి. గృహప్రవేశమైనా, ఉద్యోగంలో చేరినా కుడికాలే. ఇక ఒకణ్ణి పూచికపుల్ల కింద జమకట్టాలంటే మాత్రం వాడు నా ఎడమకాలి చెప్పుతో సమానం అంటాం. తరతరాలుగా ఇంత అవమానం మోసిన కాలికి మొట్టమొదట ఒక గౌరవప్రదమైన పదవి ఇచ్చింది మోటారు కారు. ఆ పదవి పేరు క్లచ్ పెడల్. దొరక్క దొరక్క కుర్చీ దొరికినవాడు దిగమంటే దిగుతాడా? నా ఎడమకాలూ దిగలేదు.

నాది మారుతి 800. 2009 మోడల్. 1983 డిసెంబర్‌లో తొలి బండి తాళాలు ప్రధానమంత్రి చేతుల మీదుగా అందించిన వంశం, 2014 జనవరిలో ఉత్పత్తి ఆపేసిన వంశం. నా బండికి పదిహేనేళ్ళూ నిండి, ఫిట్‌నెస్ చూపించి మరో ఐదేళ్ళు పొడిగించుకున్నాం. రిటైరయ్యాక ఎక్స్‌టెన్షన్ తెచ్చుకున్న ఆఫీసరులాగా అప్పటినుంచి దాని నడకలోనే తేడా వచ్చింది. అందులో కుడికాలికి రెండు ఉద్యోగాలు, యాక్సిలరేటరూ బ్రేకూ. ఎడమకాలికి ఒక్కటే, అదీ గేరు మార్చేటప్పుడే. మిగతా సమయంలో అది ఎక్కడుండాలో కంపెనీవాళ్ళు ఆలోచించలేదు. పక్కన చోటే లేదు. కాబట్టి పెడల్ మీదే కూర్చుంది. పదహారేళ్ళు కూర్చుంది.

కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా మూడో గేరులో ఇంజన్ గావుకేకలు పెడుతూ బండి మాత్రం ముందుకు రానంది. కుడివైపు కొండ మీద అమ్మవారు, వెనకాల ఇసుక లారీ. కారులో ఏదో మాడిన వాసన. 'నేను స్టవ్ ఆపే వచ్చానండీ' అంది మా ఆవిడ ముందుజాగ్రత్తగా.

నేను తక్షణం విచారణ జరిపాను. మొదటి ముద్దాయి ఫ్లైఓవర్ వాలు. రెండోవాడు మా అల్లుడు, సంక్రాంతికి వచ్చి రెండు రోజులు నడిపాడు. మూడోది విజయవాడ ట్రాఫిక్. నాలుగో పేరు నా దగ్గర లేదు.

అది షెడ్డు మేస్త్రి దగ్గర దొరికింది. బండిని నాలుగడుగులు నడిపి చూసి, 'క్లచ్ ప్లేట్లు అయిపోయాయి సార్. గేర్‌బాక్స్ దించాలి' అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, 'కాలు ఎప్పుడూ దానిమీదే పెడతారా సార్?' అన్నాడు. పెడల్ రబ్బరు నా బొటనవేలి అచ్చులో అరిగిపోయి ఉంది. లేబర్ రెండున్నర వేలన్నాడు. డబ్బు కోసమైతే ఇచ్చేసేవాణ్ణే. ఆ ప్రశ్న అడిగినవాడికి ఇవ్వలేక ఇంట్లోనే మార్చుకోవాలని తీర్మానించాను.

అప్పటినుంచి నా అభిప్రాయం ఏమిటంటే, ప్రతి గృహస్థూ జీవితంలో ఒక్క క్లచ్ అయినా సొంత చేతుల్తో మార్చి తీరాలి. పెళ్ళికీ షష్టిపూర్తికీ మధ్య మగవాడికి చెప్పుకోదగ్గ సంస్కారం ఒక్కటి లేదు. ఇది ఆ లోటు తీరుస్తుంది. నేలమీద వెల్లకిలా పడుకోవాలి, నూనె మీద పడాలి, చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చూడాలి. ఇంతకన్నా ఏ సంస్కారానికైనా ఏం కావాలి?

ఆటోనగర్ వెళ్ళి క్లచ్ సెట్టు తెచ్చాను. ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించే క్లచ్ ప్లేటు, దాన్ని ఇంజన్ చక్రానికి అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కితే ఆ పట్టు విడిపించే రిలీజ్ బేరింగ్. మూడువేల చిల్లర. సెల్లార్‌లో మంచి రోజు చూసి మొదలుపెట్టాను. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీశాను. ఇటుకలు పేర్చి బండి కింద దూరబోతుంటే వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. 'ఇటుక పగిలితే తలకాయ పోద్ది సార్' అన్నాడు. ఈ వ్యాసంలో నమ్మదగిన సలహా ఇదొక్కటే. వెళ్ళి ఇనుప స్టాండ్లు కొన్నాను. పదిహేడు వందలు. పానాల సెట్టు ఇంకో మూడు వేలు.

సెల్ఫ్ మోటార్ విప్పాను, క్లచ్ కేబుల్ ఊడదీశాను, గేరు రాడ్లు వదిలించాను. గేర్ ఆయిల్ వంచాలని తెలుసు, వంచకముందు డ్రైవ్ షాఫ్ట్ లాగకూడదని తెలీదు. రెండు లీటర్ల దాకా చొక్కా పీల్చుకుంది. చివరి బోల్టు వదలగానే గేర్‌బాక్స్ నా ఛాతీ మీదికి దిగింది. పాతిక కిలోల బియ్యం బస్తా చాలాసార్లు మోశాను. బస్తా మనిషికి ఒదుగుతుంది. ఇది ఒదగదు.

పాత ప్లేటు చేతిలోకి వచ్చింది. అప్పటిదాకా హాస్యమనుకున్న వ్యవహారం అక్కడ కాసేపు ఆగింది. లైనింగ్ అరిగి అరిగి రివెట్ల తలలకు సమమైపోయింది. గోరు పెడితే రెండూ ఒకేలా తగిలాయి. అంచుల్లో నీలం డాగులు. ఇంకో నెల నడిపితే ఆ రివెట్లు ఫ్లైవీల్‌ని, అంటే ఆ ఇంజన్ చక్రాన్ని, గీకేసేవి. కాలు ఊరికే ఆనించినా కేబుల్ కాస్త లాగుతుంది, ప్రెషర్ ప్లేటు పట్టు ఆవగింజంత సడలుతుంది. ఆ ఆవగింజంతలోనే ప్లేటు జారి, వేడెక్కి, మాడుతుంది. తొక్కుతున్నట్టు కాలికి తెలియనే తెలియదు. ఆ పాత ప్లేటుని వాచ్‌మన్ కంట పడకుండా పాత పేపర్లో చుట్టి పెట్టాను.

కొత్త ప్లేటు బిగించేటప్పుడు సరిగ్గా నడిమధ్య నిలబెట్టాలి. లేకపోతే గేర్‌బాక్స్ షాఫ్ట్ దూరదు. షెడ్డుల్లో దీనికి పాత షాఫ్ట్ వాడతారు. నేను అప్పడాల కర్ర పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టాను. ప్రెషర్ ప్లేటు ఆరు బోల్టులూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను. షాఫ్ట్ రెండో తోపుకే దూరింది. పైకొచ్చి చెయ్యి చాపితే అసోసియేషన్ ప్రెసిడెంటు గారు కరచాలనం చెయ్యబోయి, ఆ చెయ్యి చూసి నమస్కారంతో సరిపెట్టారు.

స్టార్ట్ చేశాను. గేరు పడలేదు. పెడల్ నేలకంటా తొక్కినా కరకరమంటోంది తప్ప పడదు. ప్లేటు తిరగేసి బిగించానన్నమాట. దానిమీద 'ఫ్లైవీల్ సైడ్' అని రాసే ఉంది. చదివాను కూడా. కానీ స్ప్రింగులున్న ఉబ్బు లోపలికి ఉంటేనే అందమని నాకనిపించింది. కాబట్టి మర్నాడు గేర్‌బాక్స్ రెండోసారి దించాను. పూజలో మంత్రం తప్పితే మళ్ళీ మొదటినుంచి చదవమా? ఈసారి ఆయిల్ చొక్కా మీద పడలేదు, బనీను మీద పడింది.

జమాఖర్చులు అడుగుతారేమో. లేబర్ ఆదా రెండున్నర వేలు. స్టాండ్లూ, పానాలూ, రెండుసార్లు గేర్ ఆయిలూ, నడుముకు స్ప్రే, కొత్త అప్పడాల కర్ర, ఇవన్నీ కలిపి ఆరు వేల మూడు వందలు. దీన్ని ఖర్చు అనకూడదు, స్థిరాస్తి అనాలి.

ఆదివారం మా ఆవిణ్ణి ఎక్కించుకుని అదే ఫ్లైఓవర్ ఎక్కాను. మూడో గేరులో బండి పాము పాకినట్టు పైకి పోయింది. గర్వంగా పక్కకు చూశాను. ఆవిడ రోడ్డు చూడటం లేదు, కింద నా కాలు చూస్తోంది.

'ఏమండీ, తీయండి.'

తీశాను. కింద పెట్టడానికి చోటు లేదు కదా. మడిచి సీటు కిందికి తోశాను. అక్కడినుంచి బెంజి సర్కిల్ దాకా ఆవిడ కళ్ళు తిప్పలేదు, గేరు మార్చినప్పుడల్లా దాన్ని బయటికి రానిచ్చి మళ్ళీ లోపలికి పంపించింది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఆగాం. ఎర్రలైటు చాలాసేపు ఉంది. పచ్చలైటు పడింది. క్లచ్ తొక్కుదామంటే కాలు తిమ్మిరెక్కి చెక్కలా ఉంది. సీటు కిందనుంచి రానంటుంది. రెండు చేతుల్తో మోకాలు పట్టుకుని లాగుతున్నాను. వెనక హారన్లు. ఆటో అతను పక్కకొచ్చి ఆపి, జాలిగా లోపలికి చూసి అడిగాడు.

'ఏం సార్, క్లచ్ పోయిందా?'