పూతరేకు బటన్

రొయ్యల రైతుకు యాప్ చేయాలంటే ముందు బటన్ కావాలి. బటన్ మనమే రాసుకోవడం అనాగరికం గనక లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్ మూట, తెచ్చుకుంటాం. ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఒకటే కోడ్, పైగా ‘మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు’ అని హామీ. దాన్ని ‘మార్చుకోక తప్పదు’ అని చదువుకుంటే భీమవరంలో పని త్వరగా మొదలవుతుంది.

ఒకే కోడ్‌తో రెండు ఫోన్లకూ యాప్ కట్టడానికి 2015లో వచ్చిన రియాక్ట్ నేటివ్‌నే తీసుకోండి. దానికోసం రాసిన లైబ్రరీ నుంచి తెచ్చిన బటన్‌ను విప్పితే థీమ్ ప్రొవైడర్, సర్ఫేస్, ప్రెసబుల్, వ్యూ అనే ఖాళీ డబ్బా, లోపలెక్కడో టెక్స్ట్. ఆత్రేయపురం పూతరేకులా పొర మీద పొర. నెయ్యీ బెల్లమూ మాత్రం మనమే తెచ్చుకోవాలి. స్టైల్ ఇస్తే పై పొర దగ్గరే ఆగిపోతుంది. అక్షరాలకు ఒక ప్రాప్ (బటన్‌కు బయటినుంచి ఇచ్చే విలువ), లోపలి ఖాళీకి ఇంకోటి.

నీడ మరీ గంభీరమైన విషయం. పాత పద్ధతిలో ఐఫోన్‌కు రంగు, జరుగుదల, గాఢత, వ్యాసార్థం అని నాలుగు చెప్పాలి. ఆండ్రాయిడ్‌కు ఎలివేషన్ అని ఒకే అంకె, వెనక రంగు లేకపోతే అదీ పడదు. ఐఫోన్‌లో మూలలు గుండ్రంగా కోయడానికి ఓవర్‌ఫ్లో హిడెన్ పెడితే నీడ కూడా తెగుతుంది. అందుకని నీడకో వ్యూ, మూలలకో వ్యూ. ఇంకో రేకు. ఇంతా చేస్తే మిట్టమధ్యాహ్నం చెరువు గట్టు మీద ఎవరి నీడా కనబడదు.

కనబడాల్సింది అక్షరం. లైబ్రరీ గీసినవారి లిపికి వత్తులు లేవు. 16 సైజు అక్షరానికి 20 లైన్ హైట్ (వరస ఎత్తు) బిగించేసి ఉంటుంది. మన ‘పట్టుబడి’ కింద వత్తు తెగి ‘పటుబడి’ అవుతుంది. 24 ఇస్తే చాలావరకు కుదురుతుంది. రంగులూ సైజులూ ఉండే థీమ్ ఫైల్‌లో ఒక్కచోట మారిస్తే అయిపోయే పని గనక, మనవాళ్ళు ప్రతి స్క్రీన్‌లోనూ విడివిడిగా మారుస్తారు. రైతు కళ్ళు ఆనక ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకోగానే, ఎత్తు 40 అని బిగించిన బటన్‌లో వత్తు మళ్ళీ హరీ. అక్కడ పెట్టాల్సింది మినిమం హైట్.

వేలికి చోటెంత? గూగుల్ వాళ్ళ డిజైన్ పద్ధతి మెటీరియల్ లెక్క 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత), యాపిల్ లెక్క 44 పాయింట్లు. రెండూ పొడి చేతి లెక్కలే. బటన్లను కుదించే కాంపాక్ట్ మోడ్ ముచ్చటగా ఉందన్నవారిని ఒక పూట మేత పడవ ఎక్కించాలి. 30 కౌంట్ (కిలోకు 30 రొయ్యలు) నొక్కబోయి తడివేలు 40 మీద పడితే కిలోకు పది రొయ్యలు పెరిగి, రేటు దిగిపోతుంది. ఇక తెల్లటి తెర మీద లేతబూడిద అక్షరాలు! అక్షరానికీ వెనక రంగుకీ తేడా, అంటే కాంట్రాస్ట్, కనీసం 4.5కు 1 ఉండాలని చెబితే, డిజైనరుకు ఏసీ గదిలో బాగానే కనబడుతోందట.

చివరికి ఎవరో నోడ్ మాడ్యూల్స్‌లో, అంటే తెచ్చిన లైబ్రరీలు దిగే ఫోల్డర్‌లో, చెయ్యి పెట్టి సరిచేస్తారు. ఆ ఫోల్డర్ చెరిపి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయగానే ఆ పుణ్యం గోదాట్లో. ‘మన బటన్’ అని ఒక ఫైలు పెట్టి, లైబ్రరీని అందులోంచే పిలిస్తే రేపు లైబ్రరీ పెద్ద మార్పులతో కొత్త మేజర్ వెర్షన్ వస్తే ఆ ఒక్కటే దిద్దుకోవచ్చు. ఈ మాట మొదటి వారం అంటే టైమ్ లేదన్నారు. ఇప్పుడు మూడో వారం, నీడ ఇంకా కుదర్లేదు. రైతు వాట్సాప్‌లో రేటు కనుక్కుని లారీకి ఐసు ఎత్తిస్తున్నాడు.