ఎంబీఏ ఒక్కటే చాలదు

ఎంబీఏ చదివితే సర్పంచ్ పని సులువవుతుందని ఓ వ్యాసకర్త రాశారు. ఆ మాట సగమే ఒప్పుకుంటాను. ఎంబీఏ చేసిన ఛవీ రజావత్ 2010లో రాజస్థాన్‌లోని సోడా గ్రామానికి సర్పంచ్ అయ్యారు. ఆ చదువు ఆవిడకి అక్కరకొచ్చే ఉంటుంది, కాదనను. కానీ పంచాయతీ డబ్బు కంపెనీ డబ్బులా మనిష్టం కాదండీ. 2021-26కి 15వ ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే పెట్టాలన్నారు. మిగతా 40 శాతమూ జీతాలకు వాడకూడదన్నారు. పైగా తెలంగాణలో 2018 చట్టం చెక్ పవర్‌ని, అంటే చెక్కులపై సంతకం చేసే అధికారాన్ని, సర్పంచ్‌కీ ఉపసర్పంచ్‌కీ కలిపి ఇచ్చింది. ఆ ఉపసర్పంచ్ అవతలి వర్గం మనిషైతే బిల్లు కదలదు (మన ఊళ్లలో ఇది మామూలేగా). లెక్కలు చదవడం వచ్చినవాళ్లు ఆడిట్ అభ్యంతరాలకు బెదరరు, అది నిజం. కానీ ఇంటిపన్ను పెంచుతామని గ్రామసభని ఒప్పించడం ఏ క్లాసులో చెబుతారో వ్యాసకర్త రాయలేదు.