కాలెత్తితే ఆగే బండి

ధనుర్మాసం, తెల్లవారుజామున ఐదుంపావు, విశాఖ నుంచి అరకు ప్రయాణం. వెనక సీట్లో మా ఆవిడ, పిల్లాడు, పులిహోర డబ్బా. ముందు సీట్లో బాబాయి. బండి మూడు నెలల కిందట కొన్న కరెంటు కారు. ఉపోద్ఘాతం ఇంతే. జరిగిందంతా మూడు సెకన్ల వ్యవహారం. సాగదీయాల్సి వస్తే ఆ మూడు సెకన్లనే సాగదీస్తాను.

బండి నూటికి నూరు శాతం ఛార్జయి ఉంది. చేసిన పాపం అదొక్కటే. మా అపార్టుమెంటు సెల్లారులో ఉన్నది ఒకే ఒక్క ఛార్జింగు పాయింటు. మామూలు 15 యాంప్స్ ప్లగ్గు, దానికో సబ్‌మీటరు, దానికో తాళం, ఆ తాళానికో సెక్రటరీ గారు. ఉన్న నాలుగు కార్లకీ వంతులు వేశారు. మాది మంగళ, శుక్రవారాలు, రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు దాకా. ఆ ఏడు గంటల్లో మీటరు మీద 23 యూనిట్లు తిరిగితే బ్యాటరీలోకి 21 చేరతాయి. మాది 30 యూనిట్ల బ్యాటరీ, అంటే 70 శాతం. ఎప్పుడూ పదిహేను, ఇరవై శాతంలో ఉండగా వంతు వచ్చేది కాబట్టి తాళం పడేసరికి 85, 90 దగ్గర ఆగేది. ఈసారి అరకు కదా అని రెండ్రోజులు బండి తియ్యకుండా 30 దగ్గర కాపాడుకున్నాను. తెల్లారేసరికి బండి మీటరు మీద 100 శాతం. చూసి మురిసిపోయాను కూడా.

ఇక షోరూములో బండి అప్పగించిన కుర్రాడి సంగతి. సింగిల్ పెడల్ మోడ్ చూపించి, "బ్రేకు పెడలు ఉందన్న మాటే మర్చిపోండి సార్" అన్నాడు. మనం చెప్పింది వినే రకం. మర్చిపోయాం. ఎక్సలేటరు తొక్కితే పరుగు, కాలు ఎత్తితే ఆగుడు. కాలు ఎత్తగానే మోటారు జనరేటరుగా మారుతుంది, చక్రాలు దాన్ని తిప్పుతాయి, తిప్పడానికి పడే కష్టమే బ్రేకు, పుట్టిన కరెంటు బ్యాటరీలోకి. ఈ బ్రేకు పేరే రీజెన్. గట్టి సెట్టింగులో పెడితే ప్రతి సెకనుకీ గంటకి ఏడు కిలోమీటర్ల చొప్పున వేగం పడిపోతుంది. గంటకి 12 కిలోమీటర్లలో వెళ్లే బండి కాలు ఎత్తాక మూడు మీటర్లు కూడా పోకుండా నిలబడుతుంది. మొదటి వారం కాలు ఒక్కసారిగా ఎత్తేసి ఇంటిల్లిపాదికీ గంగిరెద్దు తలాడించినట్టు తలలు ఆడించాను. తర్వాత కిటుకు పట్టుబడింది. పవరు మీటరు ముల్లు సున్నా మీద నిలిచేంత ఎత్తులో పాదాన్ని ఆపుకుని, అక్కణ్ణుంచి మెల్లగా వదలాలి. మూడు నెలల్లో అంత నేర్చుకున్నవాణ్ణి.

సెల్లారు ర్యాంపు ఎక్కితే గేటు. గేటు దాటితే కాలువ మీద సిమెంటు పలక, అక్కణ్ణుంచి రోడ్డుకి కొంచెం వాలు. రోజూ ర్యాంపు పైకి రాగానే కాలు ఎత్తుతాను, బండి గేటు దగ్గర బుద్ధిగా ఆగుతుంది, వాచ్‌మన్ రోడ్డు అటూ ఇటూ చూసి చెయ్యూపుతాడు.

ఎత్తాను. ఆగలేదు.

అక్కడ బండి తప్పేమీ లేదు. సంక్రాంతి ముందురోజు ఆర్టీసీ కాంప్లెక్సులో సాలూరు బస్సు తలుచుకోండి. ఫుట్‌బోర్డు దాకా జనం. ఇంకో పదిమంది పరిగెత్తుకొస్తే కండక్టరు తలుపు దగ్గరే చెయ్యి అడ్డం పెడతాడు. బ్యాటరీ లోపల దాన్ని కాపలా కాసే బీఎంఎస్ అనే చిన్న కంప్యూటరు ఉంటుంది, అదే ఇక్కడ కండక్టరు. మా బండిలో ఉన్న ఎల్‌ఎఫ్‌పీ రకం లిథియం సెల్లు 3.65 వోల్టులకి వచ్చిందంటే ఇక చాలని అర్థం, ఆ పైన కరెంటు తోస్తే సెల్లు పాడవుతుంది. కాబట్టి "ఒక్కడూ ఎక్కడానికి వీల్లేదు" అని, బ్యాటరీకీ మోటారుకీ మధ్య కరెంటు నడిపే ఇన్వర్టరుకి చెబుతుంది. ఎక్కించుకునేవాళ్లు లేనప్పుడు మోటారు మాత్రం కరెంటు పుట్టించి ఎవరికిస్తుంది? మానేస్తుంది. అది మానేసిందంటే బ్రేకు మానేసినట్టే. ర్యాంపు ఎక్కినందుకు కాస్త ఖాళీ అయి ఉంటుంది కదా అంటారేమో. అయింది. 0.015 యూనిట్లు. ఆ కాస్త ఖాళీకి కండక్టరు మనసు కరగదు.

కొన్ని కార్లలో ఇలాంటప్పుడు మామూలు బ్రేకుల్ని కంప్యూటరే తొక్కి, తేడా తెలియనివ్వదు. నిస్సాన్ లీఫ్‌లో ఈ-పెడల్ అలాంటిదే. మా దాంట్లో ఆ సదుపాయం లేదు. దానికి బదులు హెచ్చరిక ఉంది. మీటరు మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో, "రీజెన్ లిమిటెడ్". నిజం చెప్పొద్దూ, బండి ఎక్కినప్పుడే చూశాను. ఇన్వర్టరు చేసిన కంపెనీ పేరు కాబోలు అనుకున్నాను.

సరే, బండి ఆగలేదు. ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు? బ్రేకు తొక్కుతారు. మీకు ఇంకా ఉందని గుర్తుంది కాబట్టి. మూడు నెలలుగా నా కాలికి తెలిసిన సూత్రం ఒక్కటే: ఆగాలంటే ఎత్తాలి. ఎత్తినా ఆగకపోతే? ఇంకా ఎత్తాలి. ఎత్తాను. పాదం పెడలు మీంచి జానెడు లేచింది. బండి వెళ్తూనే ఉంది. మూరెడు లేచింది. బండి గేటు దాటింది. చెప్పు జారి కింద పడింది. మోకాలు స్టీరింగు అడుగున ఠంగుమని కొట్టుకుంది. అంతకంటే పైకి ఎత్తడానికి కారులో చోటు లేదు, చోటుంటే ఎత్తేవాణ్ణే. ఒంటికాలి మీద తపస్సు చేస్తున్న కొంగలా, మోకాలు గడ్డానికి ఆనించుకుని, గంటకి 12 కిలోమీటర్ల వేగంతో రోడ్డు మీదికి ఊరేగుతున్నాను. ఆ వేగంలో వదిలేస్తే చదును నేల మీదైనా యాభై మీటర్లు పోతుంది. ఇక్కడ వాలు.

పక్కన బాబాయి మాట పలుకు లేదు. ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో స్టీరింగు పట్టిన మనిషి. పాడేరు ఘాట్‌లో రాత్రి సర్వీసులు నడిపాడు. ఆయన కుడికాలు ఏమీ లేని ఫ్లోర్ మ్యాటుని తొక్కి తొక్కి పట్టుకుంది. ఆ కారులో ఆ క్షణాన బ్రేకు తొక్కుతున్నది ఆయన ఒక్కడే.

గేటు అవతల, సిమెంటు పలక మీద ముగ్గు. ఇరవై ఒక్క చుక్క, సందు చుక్క పదకొండు దాకా. మొత్తం 331 చుక్కలని తర్వాత నాకు తెలియజేశారు. నడుమ ఐదు గొబ్బెమ్మలు, వాటి నెత్తిన గుమ్మడిపూలు. సెక్రటరీ గారి భార్య నాలుగింటికే లేచి వేసిన ముగ్గు. ఆవిడ ఇంకా అక్కడే ఉంది, చివరి తీగకి రంగు నింపుతూ. బండి వస్తుంటే తల ఎత్తి చూసింది, ఆగుతుందిలే అని మళ్లీ దించుకుంది. రోజూ ఆగే బండే కదా, పాపం.

"బ్రేకు నేదేటి బాబూ దీనికి!" అని వాచ్‌మన్ కేక పెట్టాడు.

బ్రేకు అన్న మాట చెవిన పడగానే కాలికి పూర్వజన్మ గుర్తొచ్చింది. దిగి తొక్కింది. తొక్కితే ఏమవ్వాలి? బండి ఆగాలి. ఆగింది. ఆగేముందు కీచుమని అరిచిన అరుపుకి మూడో అంతస్తు దాకా లైట్లు వెలిగాయి. అదీ నా పుణ్యమే. రీజెన్‌తోనే ఆపుతుంటే ప్యాడ్లు డిస్కుల్ని రుద్దే పనే ఉండదు. సముద్రం గాలికి డిస్కుల మీద తుప్పు పొర కడుతుంది, రుద్దేవాడు లేక అక్కడే ఉండిపోతుంది. అందుకే వారానికోసారి ఖాళీ రోడ్డు చూసుకుని, రీజెన్ తగ్గించి, 50 వేగంలోంచి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు తొక్కాలి. విశాఖలో ఇది తప్పనిసరి. ప్యాడ్లు అరగలేదు కదా అని బ్రేకు ఆయిలు మార్చడం మానకూడదు, అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాల్సిందే. ఇవన్నీ మాన్యువల్లో ఉన్నాయి. మాన్యువల్ డాష్‌బోర్డు అరలో ఉంది. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు.

ముందు చక్రాలు సరిగ్గా ముగ్గు నడుమ ఆగాయి. ఒక గొబ్బెమ్మ ఎడమ టైరు కింద. ఆవిడకి ఏమీ కాలేదు, రంగు డబ్బాతో సహా రెండడుగులు వెనక్కి దూకింది. దిగి చూస్తే టైరుకి గుమ్మడిపువ్వు అతుక్కుని ఉంది, వాహనపూజ చేసినట్టు. వెనక్కి తీద్దామని రివర్సు వేశాను. అది రెండో తప్పు. ఒకసారి తొక్కిన ముగ్గుని రెండోసారి తొక్కితే రంగులు కలిసిపోతాయి.

సెక్రటరీ గారు లుంగీ మీదే దిగొచ్చారు. "ఫుల్ ఛార్జింగులో ఉంటే రీజెన్ రాదండీ, అందుకని..." అన్నాను.

"అంటే కరెంటు ఎక్కువైతే బ్రేకులు పోతాయా?"

"బ్రేకులు పోవండీ. ఉంటాయి. నేను తొక్కలేదు."

"ఎందుకు తొక్కలేదు?"

దీనికి జవాబు చెప్పడం కష్టం. బ్యాటరీ నిండుగా ఉండటం వల్ల, అనొచ్చు. వారానికి రెండు రాత్రులే తాళం తీస్తారు కాబట్టి వంతు వచ్చిన రోజు కుక్కి కుక్కి నింపుకోవలసి వస్తోంది, మామూలుగా 80 దగ్గర ఆపుకుంటే ఈ బాధే లేదు, అని కూడా అనొచ్చు. ఐదున్నరకి, ఒక కాలికి చెప్పు లేకుండా, పాడైన ముగ్గు పక్కన నిలబడి అనలేం.

తర్వాత లెక్క వేశాను. ఆ వేగంలో నా బండిలో ఉన్న శక్తి మొత్తం 0.0025 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా రెండు పైసలు కాదు. అందులో తిరిగొచ్చేది ఇంకా తక్కువ. 60 వేగంలోంచి ఆపితేనే పావలా గిట్టుబాటు. ఆ రెండు పైసల కోసం బ్రేకన్నదే మర్చిపోయిన మనిషి మీద మా ఆవిడ మధ్యాహ్నం దాకా వ్యాఖ్యానం చేసింది.

అరకు వెళ్లాం, వచ్చాం. కొత్తవలస దాటేసరికి ఛార్జి 90కి దిగింది, కాలు ఎత్తితే బండి మళ్లీ ఆగడం మొదలెట్టింది. బాబాయి అప్పుడు నోరు తెరిచాడు. "ఒరేయ్, నువ్వు బ్రేకు తొక్కకుండా ఆగితే వెనకవాడికి ఎలా తెలుస్తుందిరా?" ఇది అసలైన డ్రైవరు ప్రశ్న. ప్రతి సెకనుకీ తగ్గే వేగం సెకనుకి 1.3 మీటర్లు దాటితే కాలు బ్రేకు మీద లేకపోయినా వెనక ఎర్రలైట్లు వెలగాలని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో ఉంది. మెల్లగా తగ్గితే వెలగవు. చెప్పాను. "ఊఁ" అన్నాడు. కాసేపాగి, "గతుకులో పడ్డప్పుడల్లా ముందుకి దూకుతోందేం?" అన్నాడు. అదీ నిజమే. మాది ముందు చక్రాల బండి, రీజెన్ ఆ రెంటి మీదే. గతుకులో చక్రం పట్టు తప్పితే కంప్యూటరు రీజెన్‌ని టక్కున వదిలేస్తుంది, బండి ముందుకి తోసినట్టుంటుంది. తడి రోడ్డు మీదా ఇంతే. వాన రోజుల్లో సెట్టింగు ఒక మెట్టు దించుకోవడం మేలు.

అరకులో మేం దిగిన హోటలు వాళ్లు రాత్రంతా ప్లగ్గు వాడుకోండి సార్ అన్నారు. నేను వైరు తీస్తుంటే బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. "పొద్దున దిగుడు కదరా. నిండితే ఆగదన్నావుగా." 75 దగ్గర ఆపేశాం. గాలికొండ నుంచి శృంగవరపుకోట దాకా బ్రేకు అవసరం పెద్దగా పడలేదు, కింద చేరేసరికి ఛార్జి రెండు మూడు శాతం పెరిగింది కూడా. నిండు బ్యాటరీతో ఆ మలుపులు దిగితే భారమంతా ప్యాడ్ల మీదే పడేది. పక్కన కేకే లైన్లో, అదే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో, ఇనుప ఖనిజం రైలు దిగుతుంటే బాబాయి అడిగాడు, దానికీ ఇదే బాధా అని. దానికి నెత్తిన తీగ ఉంది బాబాయ్, పుట్టిన కరెంటు తీగలోకి పంపేస్తుంది, మనకి ఆ యోగం లేదు అన్నాను. "ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలిరా. మాకు ఇంజను బ్రేకింగే రీజెన్" అన్నాడు. నేను మళ్లీ ఏదో వివరించబోతే కిటికీ వైపు తిరిగాడు.

తిరిగొచ్చేసరికి నోటీసు బోర్డు మీద అసోసియేషన్ తీర్మానం. ఒకటి, కరెంటు కార్లు ఇకపై 90 శాతానికి మించి ఛార్జి చేయరాదు. సలహా మంచిదే, అదే మండుతోంది. 90 లోపే ఆపుకుంటూ సరిపెట్టుకోవాలంటే వారానికి మూడు రాత్రులు ఇవ్వాలి. ఆ ఊసు లేదు. రెండు, ధనుర్మాసం అయ్యేదాకా సదరు కార్లు గేటు లోపలే ఆగి, బ్రేకు పనిచేస్తున్నట్టు వాచ్‌మన్‌కి చూపించి బయటికి వెళ్లవలెను.

ఇవాళ పొద్దున చూపించాను. ఐదుసార్లు తొక్కమన్నాడు. మూడు చాలదా అంటే, "ఎనక ఎర్రనైటు ఎలగనేదు, మళ్లీ తొక్కండి బాబూ" అన్నాడు.