మా పెదనాన్న చూసిన 1936

పర్లాకిమిడిలో మా పెదనాన్నకి మతిమరుపు అని ప్రచారం చేస్తున్న వాళ్లంతా అజ్ఞానులని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ఆయనది మతిమరుపు కాదు. శాస్త్రోక్తమైన మరుపు.

మొన్న సోమవారం పొద్దున్న 9 గంటలకి, పాతపట్నం రోడ్డులో టీ బడ్డీ దగ్గర, నా చేతి నుంచి 500 రూపాయలు తీసుకున్నారు. "రేపిచ్చెత్తాను రా" అన్నారు. మర్నాడు అడిగితే "ఏ ఐదొందలు రా?" అని ఎంతో అమాయకంగా అడిగారు. తగువేసుకుందామనుకున్నాను గానీ, ఈలోగా ఎబింగ్‌హాస్ అడ్డొచ్చాడు.

ఈ జర్మన్ పండితుడు అర్థంపర్థం లేని అక్షరాల ముక్కలు తానే బట్టీ పట్టి, తానే మరిచిపోయి, మళ్లీ బట్టీ పట్టేటప్పుడు ఎంత శ్రమ కలిసొచ్చిందో లెక్కగట్టి 1885లో అచ్చేశాడు. (ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో!) గంట గడిచేసరికి నూటికి 44 వంతులు, రోజు గడిస్తే 34, నెలకి 21 మిగిలాయి. మొదట జారుడుబల్ల, తర్వాత నత్తనడక. ఈ లెక్కన నా 500, పదింటికే 220 అయింది. మంగళవారానికి 170. నెలాఖరుకి 105. కాబట్టి పెదనాన్న ఎగ్గొట్టలేదు, అప్పే దానంతటది కరిగిపోతోంది.

చిక్కల్లా ఎక్కడంటే, ఇదే మనిషి 1936 ఏప్రిల్ 1ని పూసగుచ్చినట్టు చెబుతారు. మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన ఊరు ఆ రోజు కొత్త ఒడిశాలోకి పోయింది కదా. ఏటా ఉత్కళ దివస్‌కి ఊళ్లో జెండాలు లేస్తాయి, మా అరుగు మీద ఈయన కథ లేస్తుంది. "మా నాన్న బుజాల మీద కూకుని సూసేను" అని మొదలు. నా చిన్నప్పుడు ఈ కథలో భుజాలే ఉండేవి. తర్వాత బ్యాండుమేళం చేరింది. పోయినేడు సాక్షాత్తూ రాజావారే వచ్చి ఈయన బుగ్గ గిల్లారు. నౌపడ నుంచి వచ్చిన చిన్నరైలు డీజిల్ హారన్ కొట్టింది కూడా. 1936లో అది ఆవిరింజను బండి. అదలా ఉంచండి, ఆధార్ కార్డులో పెదనాన్న పుట్టిన సంవత్సరం 1938.

ఆ మాటే అడిగాను. "ఆ కార్డుకేటి తెల్సు? అదప్పుడుందేటి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన అబద్ధమాడుతున్నారనుకుంటే పొరపాటు. జ్ఞాపకం పెట్టెలో దాచిన పట్టుపంచె కాదు, తీసిన ప్రతిసారీ తడిసి మళ్లీ ఆరే పచ్చికుండ. ఎలుకల్లో భయపు జ్ఞాపకాన్ని తట్టిలేపి, ఆ సమయానికి మెదడులో ప్రొటీన్ తయారీని ఆపేస్తే, ఆ భయం సన్నగిల్లిందని 2000లో తేలింది. లేపిన జ్ఞాపకాన్ని మళ్లీ పదిలపరచాలన్నమాట. పెదనాన్న ఏటా లేపుతారు, లేపినప్పుడల్లా ఒక చెయ్యి వేసి మరీ పదిలపరుస్తారు. నా 500ని మాత్రం ఎవరూ లేపలేదు. రాత్రి నిద్రలో మెదడులోని హిప్పోకాంపస్ అనే టపా గుమాస్తా పగటి కాగితాల్ని పైకి పంపాలి. మా వీధి దోమల్లో ఆ గుమాస్తాకి డ్యూటీ ఎక్కడ పడుతుంది?

మరుపంటే చెరిగిపోవడమే కానక్కర్లేదు, దారి దొరక్కపోవడం కూడా. 1975లో నీటడుగున ఈదే డైవర్లకి నీళ్లలో పదాలు నేర్పిస్తే, ఒడ్డున కంటే మళ్లీ నీళ్లలోనే బాగా అప్పజెప్పారు. ఆహా అనుకుని, బుధవారం పొద్దున్న 9 గంటలకి పెదనాన్నని అదే బడ్డీకి నడిపించుకెళ్లాను. అదే బల్ల. అదే పెచ్చు లేచిన గాజుగ్లాసు. అవే బరా, ఘుగ్ని (గారెలు, బఠానీ కూర). ఆయన ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నారు.

"ఆఁ... గురుతొచ్చింది రా. సోమారం. ఇదే బల్ల. ఐదొందలు."

శాస్త్రం జయించింది. చెయ్యి చాపాను.

"మరెప్పుడిచ్చెత్తావు?" అన్నారు.

తేదీ చెప్పారు, వేళ చెప్పారు, నోటు మీది మడత కూడా చెప్పారు. ఇంత వివరంగా చెబుతుంటే నాకూ లీలగా గుర్తొచ్చింది. అక్కడికక్కడే ఇచ్చేశాను.