18 ఛాన్సులు చూసి ఇంటికి పంపేశారు

2014 మార్చి. అమెరికాలో బేస్‌బాల్ సీజన్ మొదలవడానికి ఇంకా కొద్ది రోజులే ఉంది. ఫ్లోరిడాలోని హ్యూస్టన్ ఆస్ట్రోస్ శిబిరంలో జె.డి. మార్టినెజ్ అనే 26 ఏళ్ల బ్యాటర్ ఒకటే మాట చెబుతున్నాడు. తాను మునుపటి బ్యాటర్‌ని కాదని, తన ఆట మారిందని, కాస్త ఆడనిచ్చి చూడమని.

ఆ మాట ఊరికే అన్నది కాదు. అంతకు ముందు ఏడాది గాయమై ఖాళీగా ఉన్న రోజుల్లో మంచి మంచి బ్యాటర్ల వీడియోలు ముందేసుకుని, తన స్వింగ్‌తో పోల్చి చూసుకున్నాడు. వాళ్ల బ్యాట్ బంతి కిందికి దిగి పైకి లేస్తోంది. తనదేమో కట్టెలు కొట్టినట్టు పైనుంచి కిందికి పడుతోంది. అలా కొడితే బంతి నేల మీద దొర్లుతుంది తప్ప స్టాండ్స్‌లోకి ఎందుకు వెళ్తుంది? కాలిఫోర్నియాలో ప్రైవేటు కోచ్‌ల దగ్గరికి వెళ్లి స్వింగ్‌ను మొదటి నుంచి మార్చుకున్నాడు. ఆ చలికాలమే వెనిజులా లీగ్‌లో ఆడి, పరీక్షించుకుని మరీ వచ్చాడు. శిబిరంలో అతనికి దక్కినవి 18 బ్యాటింగ్ ఛాన్సులు. మార్చి 22న రిలీజ్ చేసేశారు.

క్రికెట్‌లో టీమిండియా నుంచి తప్పించినా ఆటగాడికి సొంత రాష్ట్రం జట్టు ఉంటుంది. రంజీలో పరుగులు చేసి మళ్లీ తలుపు తట్టొచ్చు. బేస్‌బాల్‌లో రిలీజ్ అంటే ఉద్యోగం పోయినట్టే. లాకర్ ఖాళీ చేసి వెళ్లిపోవాలి. ఇంకెవరైనా ఫోన్ చేస్తే సరి, లేకపోతే అంతే.

మార్టినెజ్‌కి రెండు రోజుల్లో డెట్రాయిట్ టైగర్స్ నుంచి పిలుపు వచ్చింది, అదీ కింది స్థాయి పోటీలైన మైనర్ లీగ్ ఒప్పందం మీద. ఆ ఏడాదే మెయిన్ టీమ్‌కి వచ్చి .315 సగటుతో (అంటే వెయ్యిసార్లు బ్యాట్ పడితే 315 హిట్ల లెక్క) 23 హోమ్ రన్లు కొట్టాడు. హోమ్ రన్ అంటే ఇంచుమించు మన సిక్సర్, కాకపోతే అంత తేలిగ్గా రాదు. మరుసటి ఏడాది 38. 2017లో 45, అందులో ఒకే మ్యాచ్‌లో కొట్టినవి 4. 2018లో బోస్టన్ రెడ్ సాక్స్ తరఫున 43 కొట్టి, సీజన్ చివర టైటిల్ పోరైన వరల్డ్ సిరీస్ గెలిచాడు. ఆస్ట్రోస్ దగ్గర మూడు సీజన్లూ కలిపి కొట్టింది 24.

జాతకం చెప్పలేం కదా, ఎవరికైనా పొరపాటు జరుగుతుంది అని సరిపెట్టుకోవచ్చు. నాకు మాత్రం ఇక్కడ మనసొప్పదు. ఆస్ట్రోస్ అంతకు ముందు సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడి 111 ఓడిన జట్టు. ఇంకో వంద ఛాన్సులు ఇస్తే పోయేదేముంది? పైగా లెక్కల మీద, డేటా మీద నడిచే జట్టుగా అప్పటికే పేరున్న యాజమాన్యం అది. మూడేళ్ల లెక్కలు చూసి మామూలు బ్యాటర్ అనుకున్నారు. ఆ లెక్కలు అబద్ధం కాదు. కానీ ఆ లెక్కల్లో ఉన్న మనిషి చలికాలంలోనే మారిపోయాడు. కొత్తగా వచ్చినవాణ్ణి చూడటానికి వాళ్లు పెట్టిన టైమ్ 18 ఛాన్సులు. పొరపాటు చేశామని అప్పటి జనరల్ మేనేజర్ జెఫ్ లూనో తర్వాత బహిరంగంగానే ఒప్పుకున్నాడు.

ఆస్ట్రోస్ చేసింది చూడకపోవడం. బాల్టిమోర్ ఓరియోల్స్ జేక్ అరియెటా విషయంలో చేసింది అంతకన్నా బరువైన తప్పని నా అభిప్రాయం.

బంతి విసిరే పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ మీద తెల్లటి రబ్బరు పలక ఒకటి ఉంటుంది. అరియెటా దాని మీద మూడో బేస్ వైపు, అంటే పిచ్చర్‌కి కుడివైపు, చివర నిలబడి, అడుగు కూడా నేరుగా బ్యాటర్ వైపు వేయకుండా ఇంకాస్త మూడో బేస్ వైపే వేసేవాడు. దాంతో చెయ్యి ఒంటికి అడ్డంగా తిరిగి వచ్చేది. కుడిచేతి బ్యాటర్‌కి బంతి తన వీపు వెనక నుంచి వస్తున్నట్టు ఉండేది. చూడ్డానికి వంకరగా ఉండే ఈ పద్ధతిని సరిచేయాలని ఓరియోల్స్ కోచ్‌లు పట్టుబట్టారు. అడుగు నేరుగా వేయించారు. బంతి చెప్పిన చోట పడటం మానేసింది. ఓరియోల్స్ తరఫున అతని ఈఆర్ఏ, అంటే 9 ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చుకున్న పరుగులు, 5.46. మెయిన్ టీమ్‌లో నిలవలేని లెక్క అది. 2013 జులైలో అరియెటాను, ఇంకో పిచ్చర్‌ను షికాగో కబ్స్‌కి ఇచ్చేసి, బదులుగా స్కాట్ ఫెల్డ్‌మన్ అనే అనుభవమున్న పిచ్చర్‌ను, ఒక క్యాచర్‌ను తెచ్చుకున్నారు. ఆ ఏడాది ఓరియోల్స్ ప్లే ఆఫ్స్‌కే చేరలేదు. సీజన్ అవగానే ఫెల్డ్‌మన్ వేరే జట్టుకు వెళ్లిపోయాడు.

కబ్స్ కొత్తగా నేర్పిందేమీ పెద్దగా లేదు. నీకు ఎలా వస్తే అలా వేయమని వదిలేశారు. 2015లో 22 విజయాలు, 6 ఓటములు, ఈఆర్ఏ 1.77. లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు అతనికే. 1908 తర్వాత కబ్స్ మళ్లీ వరల్డ్ సిరీస్ గెలిచిన 2016 జట్టులోనూ ఉన్నాడు. ఓరియోల్స్ దగ్గర ఫెయిలైంది అరియెటానా, అతనికి చెప్పిన పాఠమా? ఆటగాణ్ణి వదిలేసే ముందు ఏ జట్టయినా ఈ ప్రశ్న తనకు తాను వేసుకోవాలి. వేసుకోవడం కష్టం, ఎందుకంటే జవాబు చెప్పాల్సింది పాఠం చెప్పినవాళ్లే.

ఇక డేవిడ్ ఓర్టిజ్ కథ బేస్‌బాల్ చూసేవాళ్లందరికీ తెలిసిందే. మిన్నెసోటా ట్విన్స్‌కి ఆరు సీజన్లు ఆడి 58 హోమ్ రన్లు కొట్టాడు. 2002లో 20 కొట్టినా, డిసెంబర్ 16న రిలీజ్ చేశారు. మధ్యలో గాయాలున్నాయి, నిజమే. అసలు లెక్క మాత్రం జీతం. సర్వీసు మూడేళ్లు దాటితే ఆటగాడు ఆర్బిట్రేషన్‌కి, అంటే జీతాన్ని మధ్యవర్తితో తేల్చించుకోవడానికి, వెళ్లొచ్చు, జీతం ఒక్కసారిగా పెరుగుతుంది. ట్విన్స్ చేతి బిగువు జట్టు. ఆ రోజే స్వదేశం డొమినికన్ రిపబ్లిక్‌లో ఓర్టిజ్ రెడ్ సాక్స్ పిచ్చర్ పెడ్రో మార్టినెజ్‌కి ఒక రెస్టారెంట్‌లో కనిపించాడు. పెడ్రో తన జట్టు వాళ్లకి ఫోన్లు చేసి వెంటపడ్డాడు. బోస్టన్ 12.5 లక్షల డాలర్లకు తీసుకుంది. అక్కడా మొదట్లో బెంచీయే. కొన్నాళ్లకు చోటు ఖాళీ అయి రోజూ ఆడటం మొదలుపెట్టాక 31 హోమ్ రన్లతో సీజన్ ముగించాడు. 2004లో బోస్టన్‌కి 86 ఏళ్ల తర్వాత టైటిల్ తెచ్చిన జట్టులో పెద్ద దిక్కు అతనే. మొత్తం 541 హోమ్ రన్లతో 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఈ తేదీలు ఒకసారి గమనించండి. ఓర్టిజ్‌ని డిసెంబర్‌లో వదిలారు. జస్టిన్ టర్నర్‌ని న్యూయార్క్ మెట్స్ 2013 డిసెంబర్‌లో వదులుకుంటే, మరుసటి ఏడాదే లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి .340 సగటుతో కొట్టాడు. జె.డి. మార్టినెజ్‌ని మార్చిలో పంపారు. మ్యాక్స్ మన్సీని ఓక్లాండ్ జట్టు పంపింది కూడా 2017 మార్చి చివర్లోనే. 2018లో అతను డాడ్జర్స్ తరఫున 35 హోమ్ రన్లు కొట్టాడు. అప్పట్లో ఎవరికి కాంట్రాక్టు ఇస్తామో డిసెంబర్‌లో తేల్చాల్సి ఉండేది. మార్చి చివరికి జట్టు ఖరారు చేయాలి. మెయిన్ టీమ్ చేతిలో ఉండేవి 40 చోట్లే, ఒక ఆటగాణ్ణి మైనర్ లీగ్‌కి దించి మళ్లీ తెచ్చుకునే వీలు మామూలుగా మూడు సీజన్లే. ఆటగాడు పండటానికి పట్టే కాలం వేరు, ఆఫీసు గడువు వేరు. తీర్పు మాత్రం గడువు రోజునే వస్తుంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. రిలీజైనవాళ్లలో ఎక్కువమంది పేర్లు మనం మళ్లీ వినం. గెలిచినవాళ్లనే గుర్తుపెట్టుకుంటాం కాబట్టి ప్రతి రిలీజూ అన్యాయంలా కనిపిస్తుంది. టైటిల్ కోసం పోరాడుతున్న జట్టు ఒక చోటు అట్టేపెట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూడలేదు. ట్విన్స్ 2002లో డివిజన్ గెలిచిన జట్టు, వాళ్ల దగ్గర డబ్బులూ తక్కువే. వాళ్లను కొంతవరకు అర్థం చేసుకోగలను. కానీ అట్టడుగున ఉన్న జట్టుకు డబ్బు లేకపోయినా ఛాన్సులకు కొదవ ఉండదు. ఎలాగూ ఓడిపోయే మ్యాచ్‌లో ఒక కుర్రాడికి నాలుగుసార్లు బ్యాట్ ఇవ్వడానికి ఖర్చేమీ కాదు. అది కూడా ఇవ్వకుండా పంపేస్తే పొదుపు అని ఎలా అంటాం?

డెట్రాయిట్‌కి దివ్యదృష్టి ఏమీ లేదు. మార్టినెజ్‌ని ముందు టొలీడోలోని తమ మైనర్ లీగ్ జట్టుకు పంపింది. అక్కడ రోజూ బ్యాటింగ్ ఇచ్చారు. 17 మ్యాచ్‌ల్లో 10 హోమ్ రన్లు కొట్టాడు. హ్యూస్టన్‌లో లాకర్ ఖాళీ చేసి నెల తిరిగేసరికి డెట్రాయిట్ మెయిన్ టీమ్‌లో ఉన్నాడు.