పెట్టే చేతులు, తోసే చేతులు

మొన్న మా అక్కకూతురు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, మా మేనేజర్ నన్ను బస్సు కిందకి తోసేశాడే" అంది. స్పీకర్ ఆన్‌లో ఉంది. అక్క చేతిలో కాఫీ గ్లాసు జారి కింద పడింది. "ఏ బస్సే? పల్లెవెలుగా, సూపర్ లగ్జరీనా?" అని కేక పెట్టింది. ఏ బస్సయితే తక్కువ దెబ్బలు తగులుతాయని లెక్క వేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. బావగారైతే అప్పటికే చెప్పులేసుకుని బస్టాండుకి బయల్దేరారు.

తీరా చూస్తే తప్పు చేసింది మేనేజరు, మెయిల్లో ఎక్కింది మా పిల్ల పేరు. ఇంగ్లీషులో దాన్ని అలా అంటారట. "బలిపశువుని చేశాడని చెబితే పోయేదానికి మధ్యలో బస్సెందుకే?" అని అక్క కూతుర్ని తిట్టి, సందులో ఉన్న బావగారిని వెనక్కి పిలిచింది.

నేను మాత్రం ఆ రాత్రంతా మేలుకుని తీవ్రమైన పరిశోధన చేశాను. తేలిందేమిటంటే, ఇంగ్లీషువాడు మోసం చేయదలుచుకుంటే ముందు మనిషిని బయల్దేరదీస్తాడు. తోటదారి పట్టిస్తాడు, షికారుకి తీసుకెళతాడు, రైలు పట్టాలెక్కిస్తాడు, ఏటి దిగువకి పంపి అమ్మేస్తాడు, ఏదీ కుదరకపోతే బస్సు ఉండనే ఉంది. మనవాళ్ళకి ఇంత తిప్పట పడదు. ఉన్నచోటే కూర్చోబెట్టి అలంకరిస్తారు. టోపీ పెడతారు, అందులోనూ కుచ్చుటోపీ. చెవిలో పువ్వు పెడతారు. నుదుట పంగనామాలు పెడతారు. ఆఖర్న శఠగోపం. గుళ్ళో పెట్టే శఠగోపం మీద స్వామి పాదాలుంటాయి, దానికి పేరు వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారుది. బయట పెట్టేదాని మీద పాదాలు ఉండవు. పెట్టినవాడి పాదాలు కూడా మర్నాటి నుంచి ఎవరికీ కనబడవు. మంగళగిరిలో పానకాలస్వామి బిందెడు పానకం పోస్తే సగం తాగి సగం వెనక్కిస్తాడని ప్రతీతి. ఆ పాటి పద్ధతి మన చిట్టీలు నడిపేవాళ్ళకి ఎందుకు అబ్బలేదో, మా విజయవాడకి ఉన్నది పన్నెండు కిలోమీటర్ల దూరమేగా.

ఆ మాటకొస్తే ఇంగ్లీషు మోసానికి రాజధానిగా లండన్‌ని ఉంచడం అన్యాయం. మా విజయవాడలో పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ దగ్గర నిలబడండి. బస్సులకి కొదవ లేదు, పక్కనే కృష్ణ, కాస్త అవతల దేశంలోని పెద్ద రైల్వే జంక్షన్లలో ఒకటి. తోటదారి కావాలంటే రాజీవ్ గాంధీ పార్కు. ఒక మనిషిని ఇంగ్లీషు పద్ధతిలో సంపూర్ణంగా ముంచడానికి ఆటో ఖర్చు కూడా అక్కర్లేదు.

నది దగ్గర మాత్రం నాకు వేళాకోళం ఆగిపోయింది. అమెరికాలో బానిసల్ని మిసిసిపీ దిగువన పత్తి తోటలకి అమ్మేసేవారు. తల్లి ఒకచోట, పిల్ల ఒకచోట. ఏటి దిగువకి అమ్మేయడమన్న మాట పుట్టింది అక్కడ. ఇప్పుడు ప్రమోషన్ రానివాళ్ళు వాడుకుంటున్నారు.

బ్లాక్‌మెయిల్ సంగతి మేలు. దానికీ ఉత్తరాలకీ సంబంధం లేదు, అందులో మెయిల్ అంటే శిస్తు. స్కాట్లండ్ సరిహద్దులో దోపిడీ ముఠాలు "మిమ్మల్ని మా నుంచి కాపాడుకోండి" అని రైతుల దగ్గర వసూలు చేసిన సొమ్ము. దీన్ని మనవాళ్ళు "మామూలు" అన్నారు. వసూలుకి అంతకన్నా వినయమైన పేరు ఏ భాషలోనైనా ఉందా?

ఇచ్చిపుచ్చుకోవడంలో మనమూ వెనకబడలేదు. 1920 నాటి దివాలా చట్టం కింద, అప్పు తీర్చలేక చితికిపోయినవాడు జైలుపాలు కాకుండా కోర్టులో ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ వేసుకోవచ్చు. పాపం, దయతో చేసిన చట్టం. దాన్ని మనం "ఐపీ" అని ముద్దుగా కుదించి, పక్కన "పెట్టాడు" చేర్చాం. ఫలానా ఆయన ఐపీ పెట్టాడట అని వన్‌టౌన్‌లో ఒక గుమస్తా అంటే, గవర్నర్‌పేటలో నలుగురికి బీపీ పెరుగుతుంది. టోపీ, పువ్వు, నామం, ఐపీ, అన్నిటికీ ఒకే క్రియ. అన్నం పెట్టే చేతులు కదా, ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేవు.

ఇక గ్యాస్‌లైటింగ్. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 2022లో దీన్నే ఆ ఏటి మాటగా ఎంచింది, దీనికోసం వెతుకులాటలు ఆ ఏడాది 1740 శాతం పెరిగాయట. 1938 నాటి లండన్ నాటకం నుంచి వచ్చింది. భర్త పై అంతస్తులో గ్యాస్ దీపం వెలిగిస్తే కింద గదిలో దీపం మందగిస్తుంది. భార్యకి మాత్రం నీ బుర్రకే ఏదో అయిందని నమ్మిస్తుంటాడు.

ఇది చదివి నేను మంచం మీద లేచి కూర్చున్నాను. 1998లో సత్యనారాయణపురంలో ఒక డాబా కింది వాటాలో అద్దెకుండేవాణ్ణి. పైన ఓనరుగారు ఏసీ పెట్టించారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి పైన ఏదో గుయ్యిమనేది, కింద నా బల్బు దోసకాయ రంగుకి తిరిగేది. అడిగితే, "బల్బు బ్రహ్మాండంగా ఉంది మాస్టారూ, మీకే చత్వారం వచ్చినట్టుంది" అన్నారు ఎంతో బాధపడుతూ. నేను వెళ్ళి కళ్ళజోడు కొనుక్కున్నాను. కరెంటు బిల్లు రెట్టింపైతే, కళ్ళజోడుతో దాన్ని ఇంకా స్పష్టంగా చూడగలిగాను.

ఇరవై ఎనిమిదేళ్ళుగా పేరు తెలియని గాయం. పేరు దొరికింది కదా అని మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఓనరుగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. "అయ్యా, అప్పట్లో మీరు నన్ను గ్యాస్‌లైట్ చేశారు" అన్నాను గంభీరంగా.

ఆయన కళ్ళజోడు తీసి, నన్ను ఆప్యాయంగా చూసి, లోపలికి కాఫీ కేకేశారు. "గ్యాసెక్కడిది మాస్టారూ, మీది కిరసనాయిలు స్టవ్వు కదూ! అయినా మీరు మా ఇంట్లో ఎప్పుడున్నారు? మీది ఎదురిల్లు కదండీ."

కాఫీ బాగుంది. బయటికొచ్చి గేటు దగ్గర నిలబడి ఎదురింటి వంక చూశాను. అదీ తెలిసిన ఇల్లులాగే ఉంది.